తాళాలాయన

ఒగ్గుకథ మేళంలో ఉన్నంతసేపూ ఎవరి కంటా పడకుండా, లేచి వెళ్లిన మరుక్షణం మాత్రం అందరికీ లోటుగా తెలిసివచ్చే వ్యక్తిని ఇక్కడ తాళాలాయన అందాము. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను రాత్రి పొడవునా పాడి చెప్పే ఈ కళకు ఒగ్గు, అనగా శివుని డమరుకం, పేరునిచ్చింది, డోలు మోతనిచ్చింది, ప్రధాన కథకుడు కీర్తి తెచ్చాడు, తాళాలాయన ఇచ్చేది నడక ఒక్కటే. నడక అంటే వేగం కాదు. రెండు దెబ్బల నడుమ ఎడం చెదరకుండా నిలిపి, ఆ ఎడంలో వినేవాని తల దానంతటదే ఊగేటట్టు చేసే గుణం.

1960ల చివర అమెరికాలో జాజ్ మనోధర్మాన్ని రాక్ సంగీతపు కరెంటు వాయిద్యాలతో కలిపి పుట్టించిన జాజ్ ఫ్యూజన్‌లో ఈ గుణాన్నే గ్రూవ్ అంటారు. దాని భారం ప్రధానంగా మంద్ర స్వరాలు పలికే బేస్ గిటార్ మీద పడుతుంది. 1970ల తొలి సగంలో మైల్స్ డేవిస్ మేళంలో తక్కినవారు ఎక్కడెక్కడో విహరించి వస్తుంటే, మైకేల్ హెండర్సన్ చిన్న స్వరగుచ్ఛాన్ని పట్టుకుని దానినే తిప్పి తిప్పి వాయించేవాడు. జాన్ మెక్‌లాఫ్లిన్ 1970ల నడుమ నడిపిన శక్తి బృందంలో బేస్ గిటారే లేదు. ఆ బరువును తబలా, ఘటం మోశాయి. తరువాతి రిమెంబర్ శక్తిలో పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ మెరుపులు కురిపించగలిగాడంటే, కింద జాకిర్ హుస్సేన్ పరిచిన నేల గట్టిది.

ఒకే దెబ్బను గంటసేపు వేయడంలో కష్టమేమున్నదని అడిగేవారు ఆ పనిని పది నిమిషాలు చేసి చూడలేదని గ్రహించాలి. చెవి కంటె ముందు చెయ్యి విసుగు చెందుతుంది. విసిగిన చెయ్యి ముచ్చటగా ఒక దెబ్బ అదనంగా వేయమంటుంది. ఆ ఒక్క దెబ్బకు ముందు వరుసలో ఎవరైనా తలెత్తి చూస్తే రెండోదానికి మనసు లాగుతుంది. మూడోదానికి కథకుడు వెనుదిరిగి ఒక చూపు చూస్తాడు. ఇక యుద్ధఘట్టం వచ్చిందా, డోలుకు ఆవేశం పుట్టి ఉరుకు మొదలవుతుంది. దానివెంట తాళం కూడా ఉరికితే యుద్ధం తెల్లవారకముందే ముగిసి, కథకు మిగిలేది పెళ్లి ఒక్కటే. అందుచేత తాళాలాయన తన ముఖాన్ని, చిట్టీ కట్టమని అడగవచ్చినవాని ఎదుట పెట్టుకునే ముఖంగా, భావరహితంగా తీర్చిదిద్దుకుంటాడు.

ఆయన కులాసా, కష్టం తెలిసేది రాత్రి రెండు దాటాకనే. కథ మంచి పట్టులో ఉండగా ఒక పెద్దమనిషి లేచి వంద రూపాయల కాగితం చదివిస్తాడు. కథకుడు మల్లన్నను అడవిలోనే నిలబెట్టి, ఆ పెద్దమనిషి పేరు, తండ్రి పేరు, పశుసంపద, అల్లుని ఉద్యోగం వరుసగా పాడి దీవిస్తాడు. వంత పాడేవాడు ఆ అల్లుని మీద ఒక హాస్యోక్తి విసురుతాడు. డోలాయన ఆ సందున బీడీ ముట్టిస్తాడు. తాళం మాత్రం ఆగరాదు, ఎందుకంటే అడవిలో నిలబడ్డ మల్లన్న తిరిగి అడుగు వేయవలసింది దాని మీదనే. సరిగ్గా అప్పుడే చాయ్ వస్తుంది. అందరూ అందుకుంటారు. తాళాలాయనకు రెండు చేతులూ పనిలో ఉంటాయి గనుక పిల్లవాడు గ్లాసును ఆయన మోకాలి పక్కన పెట్టి పోతాడు. దానిమీద మీగడ కట్టడాన్ని ఆయన దెబ్బ దెబ్బకూ ఓరకంట చూస్తూ ఉంటాడు.

2016లో ఏర్పడిన జిల్లాల లెక్కలో చూస్తే ఈ మనిషి ఒగ్గుకథల జనగామకే పరిమితుడు కాడు. మహబూబాబాద్ తండాలలో నగారా దగ్గర, భూపాలపల్లిలో బొగ్గుబాయి షిఫ్టు దిగివచ్చి భజనలో కూర్చునేవారి నడుమ ఆయన సోదరులు కనిపిస్తారు. భూపాలపల్లివానికి సైరను కూత అలవాటు కనుక ఉరుకు కొంత తక్కువ. ఇంటి దగ్గర మాత్రం ముగ్గురూ ఒకటే: అన్నం ముద్దలు సమానమైన ఎడంతో మింగుతారు, ఇల్లాలు గొంతు పెంచినా తమ ‘ఊ’ వేగం పెంచరు.

జనగామ ప్రాంతపు మాణిక్యపురం నుంచి వచ్చి ఒగ్గుకథకు దేశమంతటా పేరు తెచ్చిన చుక్క సత్తయ్య 2017లో కన్నుమూసినా ఆయన పేరు నిలిచింది. ఒగ్గుడోలు విన్యాసంలో ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కి నిలిచేవారికి ఫొటోలున్నాయి. తాళాలాయన ఫొటోలో పడితే సగం భుజమే పడుతుంది, తక్కిన సగాన్ని డోలు కప్పేస్తుంది.

తెల్లవారుతుండగా మంగళం ముగిశాక, తాళాలు రెండూ ఒడిలో పెట్టగానే, అర్ధరాత్రి నుంచి ముందు వరుసలో గురకపెట్టిన ముసలాయన దిగ్గున లేచి, ‘‘ఏమైందిరా, ఎందుకాపిన్రు?’’ అని గద్దిస్తాడు. తాళాలాయన ఆ రాత్రికి మొదటిసారి నోరు విప్పుతాడు.

‘‘చాయ్ సల్లారింది, తాతా.’’