‘హార్ఫ్‌బజ్ లేదు’: టీకా తాత్పర్య సహితం

మూలం: నో ప్యాకేజ్ ‘హార్ఫ్‌బజ్’ ఫౌండ్.

అవతారిక: ఈ సూత్రానికి కర్త బిల్డుకు లైబ్రరీల జాడ చెప్పే పీకేజీ-కాన్ఫిగ్. జేమ్స్ హెన్‌స్ట్రిడ్జ్ షెల్ స్క్రిప్టుగా మొదలుపెట్టిన ఈ పరికరాన్ని హావొక్ పెన్నింగ్టన్ సీ భాషలో తిరగరాశాడు. శ్రోత బెంగళూరులో, బహుశా మారతహళ్లిలో, ఉబుంటు ల్యాప్‌టాప్ మీద బిల్డ్ నడుపుతున్న మన తెలుగు ఇంజనీరు. హార్ఫ్‌బజ్ అక్షరాలను పేర్చిపెట్టే లైబ్రరీ. ‘స్త్రీ’ అని కొడితే సకారానికి గుడిదీర్ఘం, కింద తవత్తు, పక్కన రవత్తు ఎక్కడ పడాలో ఫాంటును అడిగి తేల్చేది ఇదే. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్‌లు తెలుగు చూపించేది దీని చలవతోనే.

ప్రతిపదార్థం: ప్యాకేజ్ = లైబ్రరీ అని భ్రమించరాదు, ‘హార్ఫ్‌బజ్.పీసీ’ అనే చిన్న టెక్స్టు ఫైలు; ఫౌండ్ = వెతకమన్న డైరెక్టరీలలో కనబడినది; నో = ఆ డైరెక్టరీలలో మాత్రమే లేదు. పాఠాంతరం: ఇటీవలి ఫెడోరా, డెబియన్‌లలో పీకేజీ-కాన్ఫిగ్ బదులు వాడుకలో ఉన్న పీకేజీకాన్ఫ్ ప్రతిలో ‘రిక్వయిర్డ్ బై వర్చువల్:వరల్డ్’ అని అధికపాఠం. ఆ లైబ్రరీని కోరినది మిథ్యాజగత్తు అని అద్వైతులు మురిసిపోవచ్చు గానీ, మనం అడిగిన ప్యాకేజీలన్నిటికీ పైన ఆ పరికరం లోలోపల పెట్టుకునే శిఖరానికి అది పేరు, అంతే.

తాత్పర్యం: వస్తువు లేదని ఈ సూత్రం చెప్పడం లేదు, వస్తువు జాడ చెప్పేవాడు లేడంటోంది. ఉబుంటులో నడిచే లైబ్రరీ ఒక ప్యాకేజీ, దాని పీసీ ఫైలూ హెడర్లూ మరో ప్యాకేజీ. మొదటిది ఉండి రెండోది లేకపోతే, పక్క కిటికీలో తెలుగు చక్కగా కనబడుతూనే ఉంటుంది, టెర్మినల్ మాత్రం హార్ఫ్‌బజ్ లేదంటుంది. ఇక లైబ్రరీ జాడ తెలుసుకోవడానికి ప్రమాణాలు మూడు. ఆటోకాన్ఫ్ చిన్న ప్రోగ్రాము రాసి కంపైల్ చేసి చూస్తుంది. అది ప్రత్యక్షం; ఉందో లేదో తేలుతుంది గానీ ఎక్కడ వెతకాలో తెలియదు. సీమేక్ ఫైండ్ మాడ్యూళ్లది ప్రధానంగా అనుమానం: లైబ్రరీ గనక యూఎస్ఆర్ కింద లిబ్‌లో ఉండాలి. ఈ వ్యాప్తికి వ్యభిచారం అడుగడుగునా ఉంది. డెబియన్ వంశంలో లిబ్ కింద ప్రాసెసర్ పేరుతో ఇంకో డైరెక్టరీ, ఫెడోరాలో లిబ్64. హోమ్‌బ్రూ ఇంటెల్ మ్యాక్ మీద యూఎస్ఆర్/లోకల్‌లో ఉంటే ఆపిల్ సిలికాన్ మీద ఆప్ట్/హోమ్‌బ్రూకి మకాం మార్చింది. కనుక మూడోదైన ఆప్తవాక్యమే శరణ్యం. పెట్టినవాడే ‘ఇక్కడ పెట్టాను, ఇది వెర్షను, ఇవి సీఫ్లాగ్స్, ఇవి లిబ్స్’ అని రాసిపెట్టిన పీసీ ఫైలే అది.

ఆప్తుడే తప్పు చెబితేనో? అని పూర్వపక్షం. బెంగళూరులో ఈ ఆక్షేపణకు బలం ఎక్కువ. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వచ్చినప్పటి నుంచీ ఇది చిప్పుల ఊరు. ఎక్స్86 ల్యాప్‌టాప్ మీద కూర్చుని ఆర్మ్ బోర్డుకు బిల్డ్ చేసేవారు ఇక్కడ వీధికొకరు. వారికి పీకేజీ-కాన్ఫిగ్ ల్యాప్‌టాప్ లైబ్రరీ చిరునామా చెబుతుంది, లింకర్ ‘స్కిప్పింగ్ ఇన్‌కంపాటిబుల్’ అని సణుగుతుంది. అయితే దోషం ఆప్తుడిది కాదు, ఏ ఊరివాణ్ని అడగాలో తెలియనివాడిది. మూలంతోపాటు వచ్చే సలహా పీకేజీ_కాన్ఫిగ్_పాత్‌కు డైరెక్టరీ చేర్చమంటుంది. ఇక్కడ అది చాలదు; పాత్ కొత్త చోటును ముందు చేరుస్తుందే తప్ప పాతవాటిని తొలగించదు. పీకేజీ_కాన్ఫిగ్_లిబ్‌డిర్ పెడితే పాతవి పూర్తిగా పోతాయి, సిస్‌రూట్_డిర్ పెడితే దారుల ముందు బోర్డు తాలూకు రూట్ డైరెక్టరీ చేరుతుంది. సీమేక్ కాన్ఫిగ్ ఫైళ్లూ ఆప్తవాక్యాలే కదా అంటే, అవును, ఇంకా వివరంగా చెబుతాయి కూడా. విండోస్‌లో డీబగ్, రిలీజ్ లైబ్రరీలను విడివిడిగా చెప్పడం పీసీ ఫైలుకు చేతకాదు, ఒప్పుకోవాల్సిందే. కానీ అవి సీమేక్ భాషలో ఉంటాయి, మెసాన్ వాటిని చదవాలంటే సీమేక్‌నే పిలవాలి. పీసీ ఫైలును మేక్, మెసాన్, సీమేక్ అన్నీ వాడుకోగలవు. ఇక అన్నీ డాకర్‌లో పడేస్తే సరి అనేవారికి ఒకటే జవాబు: డాకర్ లోపల కూడా వెతకాల్సిందే.

విశేషం: పూర్తి హంగులతో కట్టాలంటే ఫాంటు లైబ్రరీ ఫ్రీటైప్‌కు హార్ఫ్‌బజ్ కావాలి, హార్ఫ్‌బజ్‌కు ఫ్రీటైప్ కావాలి. తార్కికులు దీన్ని అన్యోన్యాశ్రయ దోషమని కొట్టేస్తారు. సోర్సు నుంచి కట్టేవారు కొట్టేయలేరు గనుక ముందు హార్ఫ్‌బజ్ లేకుండా ఫ్రీటైప్, తర్వాత హార్ఫ్‌బజ్, మళ్లీ ఫ్రీటైప్ కడుతూ వచ్చారు. లైబ్రరీలు రాసే మనవాళ్లకు మనవి: పీసీ ఫైలు కూడా ఇన్‌స్టాల్ చేయించండి. ఇక మూలవాక్యానికి ప్రాయశ్చిత్తం ఉబుంటులో లిబ్‌హార్ఫ్‌బజ్-డెవ్, ఫెడోరాలో హార్ఫ్‌బజ్-డెవెల్.