అల్పదోషుడికే అగ్రతాంబూలం: బల్లమీది ర్యాలీకి టీకా తాత్పర్యం

మూలం: అల్పదోషః ప్రథమః, సామ్యే శీఘ్రప్రేషకః.

టీక: అల్పదోషః = తప్పులు తక్కువ చేసినవాడు; ప్రథమః = మొదటివాడు; సామ్యే = తప్పులు సమమైనచో; శీఘ్రప్రేషకః = జవాబులు ముందు పంపినవాడు. 'గెలుచును' అని అధ్యాహారం.

తాత్పర్యం: చుక్క పెట్రోలు కాల్చకుండా, పటం బల్లమీద పరచుకొని, తిరకాసు సూచనల వెంట దారి గీసి జవాబులు పంపే ఆట ఇది. అమెరికాలో 1964లో మొదలైన 'సెయింట్ వాలెంటైన్స్ డే మాసకర్' ఈ కోవలో పేరున్నది. రాండ్ మెక్‌నాలీ అట్లాసే దాని రంగస్థలం. మనకూ పటాల కొరత లేదు, సర్వే ఆఫ్ ఇండియా ఆవరణ హైదరాబాద్ ఉప్పల్‌లోనే ఉంది. 1:50,000 షీటులో కిలోమీటరంటే 2 సెంటీమీటర్లు. ఉప్పల్, నాచారం మధ్య జానెడు కూడా ఉండదు. ఆ జానెడులోనే మనిషిని ముంచవచ్చు. ఉప్పల్ నుంచి పడమరగా వచ్చేవాడు 'హబ్సిగూడ చౌరస్తాలో కుడికి' అంటే నాచారం దారి పడతాడు; 'చౌరస్తా దాటాక కుడికి' అంటే తార్నాక వైపు సాగాల్సిందే. ఆ ఒక్క మాట పట్టుకోవడమే ఇక్కడ ప్రతిభ. సూత్రం మొదటి సగం దాన్ని గుర్తించింది. రెండో సగం మాత్రం ప్రతిభను వదిలేసి గడియారం పట్టుకుంది. జవాబులు టపాలో పంపారనుకోండి: ఉప్పల్ పిన్‌కోడ్ 500039, నాచారం 500076. పక్కపక్కనే ఉన్నా పోస్టు డబ్బా తెరిచే వేళలు వేరైతే కవరు మీది ముద్ర మారుతుంది. అప్పుడు ర్యాంకు పోస్టుమ్యాన్‌కు ఇవ్వడమే న్యాయం!

'ఆన్‌లైన్‌లో పోస్టుమ్యాన్ లేడు కదా, పైగా క్రికెట్‌లో వేగానికి విలువ ఇవ్వడం లేదా?' అని పూర్వపక్షం. ఇస్తారు. 2024 మే 8న ఉప్పల్ స్టేడియంలో లక్నో పెట్టిన 166 లక్ష్యాన్ని సన్‌రైజర్స్ వికెట్ పోకుండా 9.4 ఓవర్లలో కొట్టేసింది. వచ్చినవి 2 పాయింట్లే, నెట్ రన్‌రేట్ మాత్రం ఎగబాకింది. కానీ అక్కడ త్వరగా కొట్టడమే ఆట. పటం ముందు ఆట నిదానం. రెండోసారి సరిచూసుకున్నవాడికి వెనక సీటు ఇస్తే జాగ్రత్తకే జరిమానా వేసినట్టు. ఎంసెట్‌లోనూ మార్కులు సమమైతే లెక్కల మార్కులు చూశారు, ఫిజిక్స్ చూశారు, చివరికి వయసులో పెద్దవారికి ముందు చోటిచ్చారు. పేపరు ముందు ఇచ్చేసి బయటపడ్డవాడికి ర్యాంకు పెంచాలని ఏ తల్లిదండ్రులూ అడగలేదు.

కనుక సిద్ధాంతం ఇది: సామ్యం వస్తే ఏ గోతిని, అంటే ఏ తిరకాసు ప్రశ్నను, దాటాడో చూడాలి. నూటికి తొంభైమంది పడ్డ గోతిని తప్పించుకున్నవాడు, పదిమందే పడ్డ గోతిలో తానూ పడినా, పైవాడే. చెస్‌లో ఎలో రేటింగ్ పద్ధతీ ఇదే: ఎన్ని గెలిచావన్నదే కాదు, ఎవరిపై గెలిచావన్నదీ లెక్కే. 2024 డిసెంబరు జాబితాలో మన అర్జున్ ఎరిగైసి 2801కి చేరింది ఆ లెక్కతోనే. 'అందరూ పడ్డ గొయ్యి ప్రశ్నకర్త తప్పు కావచ్చు, గుడ్డిగా ఊహించినవాడికి లాభం కదా?' అన్నది గట్టి ఆక్షేపణే. మొత్తం పట్టికలో పైనున్నవారు కిందివారికన్నా ఆ ప్రశ్నలో మెరుగ్గా లేకపోతే దాన్ని కొట్టేయాలి. కొట్టేసే నియమం ఆటకు ముందే ప్రకటించాలి. ఇంత చేసినా ఇద్దరు సమానులైతే ఇద్దరికీ మూడో ర్యాంకు ఇచ్చి, తర్వాతివాడికి ఐదోది ఇవ్వండి.