ఎడిటింగ్ అన్న

నస్రుల్లాబాద్ మండలంలో ఏ ఊళ్లో ఫంక్షనైనా పెళ్లికొడుకు కంటే ముందే తయారై నిలబడేవాడు ఒకడుంటాడు. పేరేదైనా కావచ్చు, ఊరందరికీ ఎడిటింగ్ అన్న. ఒడిబియ్యం, ధోతి ఫంక్షన్, బర్రె ఈనడం, దేన్నీ వదలడు. పాట తగిలించకుండా మాత్రం ఏ వీడియోనూ బయటికి వదలడు.

నిజాంసాగర్ కాలువ కింద వరికోతలు మొదలైతే అన్నకు పండగే. కోతమిషన్ మడిలోకి దిగుతుంటే స్లోమోషన్ చేసి, పెద్ద హీరో ఎంట్రీ మ్యూజిక్ వేస్తాడు. డ్రైవరు బీడీ పారేయడం కూడా అందులో ఎలివేషనే.

టిక్‌టాక్ ఉన్నన్నాళ్లు పాటలు యాప్‌లోనే దొరికేవి. 2020 జూన్‌లో దానికి తాళం పడ్డాక, పాత అలవాటుతోనే యూట్యూబ్‌కు మకాం మార్చాడు. అక్కడ 2007 నుంచే కంటెంట్ ఐడీ అనే కాపలా ఉంది. మ్యూజిక్ కంపెనీలు తమ పాటలను దానికి ముందే అప్పగిస్తాయి. కొత్త వీడియో పడగానే అది వాటితో పోల్చి చూస్తుంది. దొరికితే క్లెయిమ్! యాడ్‌ల డబ్బు పాట హక్కుదారుకు పోతుంది, లేదా వీడియోనే ఆగిపోతుంది.

అన్నకు దీంతో పంతం. పాట స్పీడు పెంచాడు. గాయకుడి గొంతు గాయని గొంతైంది గానీ క్లెయిమ్ తప్పలేదు. మధ్యమధ్యలో ట్రాక్టరు హారన్ కలిపాడు. అదీ పట్టేసింది. చివరికి వీడియో కింద "హక్కులన్నీ పాట ఓనర్లవే" అని రాశాడు. ఇది దోచిన ఇంటి గోడమీద ఇంటాయన పేరు రాసిరావడం లాంటిది.

2017లో ఇళయరాజా తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని సాక్షాత్తు ఎస్పీ బాలుకే నోటీసు పంపారని గుర్తుచేశాను.

"ఆయన స్టేజి మీద పాడిండు సార్. నేను బర్రె మీద పెట్టిన" అన్నాడు.

ఈ మధ్య చట్టం చదివాడు, సగం. 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ప్రకారం పెళ్లి ఊరేగింపులో పాట వేస్తే తప్పు కాదట. నిజమే. కానీ ఆ మినహాయింపు బరాత్‌లో డీజే మోగడానికి. ఆ మోతను వీడియోలోకెక్కించి లోకమంతా పంచడానికి కాదు.

దెబ్బ తగిలింది కూడా ఒక బరాత్‌లోనే. అన్న పాట కలపలేదు పాపం, డీజే పాట దానంతటదే ఫోన్లో పడింది. హక్కుదారు వీడియోను కొన్ని దేశాల్లో ఆపేశాడు. పెళ్లికూతురి తండ్రి మస్కట్‌లో, సెలవు దొరక్క అక్కడే ఉండిపోయాడు.

"ఏం తమ్మీ, నా బిడ్డ బరాత్ నాకే బందా?" అని ఫోన్.

అన్న ఆ పాట ఉన్నంతమేర మ్యూట్ కొట్టాడు. దాంతో నాయనమ్మ పెట్టిన దీవెన కూడా పోయింది. ఊరు ఊరంతా చప్పుడు లేకుండా ఎగురుతోంది. ఆఖరికి ఫైలును వాట్సాప్‌లో పంపితే ఆ తండ్రి చూసుకున్నాడు. మొదటే ఆ పని చేయొచ్చుగా అంటే, "మరి లైకులెట్లొస్తయ్ సార్?" అన్నాడు.

యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉందని నేనే చెప్పాను. ఒడిబియ్యం వీడియోకు అందులోంచి గిటార్ వేశాడు. పెద్దమ్మలు విని "ఇదేం సప్పుడురా, మన ఇంటి సప్పుడేనా?" అన్నారు.

దాంతో తర్వాతి వీడియోకు ఊరి డప్పు దరువే రికార్డు చేసి పెట్టాడు. యూట్యూబ్ నుంచి ఒక్క క్లెయిమ్ రాలేదు. తెల్లారి పొద్దున్నే డప్పు వాయించిన నలుగురూ ఇంటిముందు నిలబడి, "అన్నా, వీడియో మంచిగ నడుస్తుందట. మా లెక్కేంది?" అన్నారు. అన్న నా వైపు చూశాడు. వాయించినవాళ్లకూ తమ ప్రదర్శన మీద హక్కు ఉంటుందని అదే చట్టంలో సెక్షన్ 38 చెబుతోంది. అన్న చదవకుండా వదిలేసిన సగంలో అది కూడా ఉంది.