కొనబోయే మూర్తిగారు

మా కాలనీలో మూర్తిగారి అసలు ఇంటిపేరు పోస్ట్‌మ్యాన్‌కి తప్ప ఎవరికీ తెలీదు. అందరికీ ఆయన ‘కొనబోయే మూర్తిగారు’. ప్లాటో కారో కొనబోతున్నారనుకునేరు. అవి ఎప్పుడో కొనేశారు. ప్లాటు ఆదివారం చూసి సోమవారం అడ్వాన్సు ఇచ్చేశారు. కారు రంగయితే షోరూమ్ కుర్రాడే ఎంచిపెట్టాడు. ఏళ్ల తరబడి కొనబోతున్నది ఒక్క కెమెరానే. అదీ అల్లాటప్పా కెమెరా కాదు, సీరియస్ కెమెరా. ఫోన్‌తో తీసేవి ఫొటోలే కావని ఆయన సిద్ధాంతం కాబట్టి ఫోన్‌తో తీయరు. కెమెరా లేదు కాబట్టి కెమెరాతోనూ తీయరు. ఆ విధంగా ఇంతవరకూ ఏ ఫొటో తీయకుండానే కాలనీలో ఫొటోగ్రఫీకి పెద్దదిక్కు అయ్యారు.

ఇలాంటివారు మీ దగ్గరా ఉంటారు. గుర్తుపట్టడం తేలిక. పెళ్లికి వెళ్తే పెళ్లికొడుకు మొహం చూడరు, ఫొటోగ్రాఫర్ మెడలో పట్టీ మీద ఏం రాసుందో చదువుతారు. “ఫైవ్ డీ మార్క్ త్రీ. 2012 మోడల్. ఇంకా దాంతోనే లాగిస్తున్నాడు పాపం” అని పక్కవాళ్లతో జాలిపడతారు. అక్షింతలు కూడా లెన్స్ మీద పడకుండా గురిచూసి వేస్తారు. భోజనాల దగ్గర గుత్తివంకాయ ఎలా ఉందని అడిగితే, స్టేజీ మీద లైటింగ్ ఫ్లాట్‌గా ఉందంటారు.

మూర్తిగారి మాటల్లో అబద్ధం ఒక్కటీ ఉండదు. అదే చిక్కు. టీకి పిలిచి, రెండు బిస్కెట్లు సాసర్లో పక్కపక్కన పెడతారు. “ఇది ఫుల్ ఫ్రేమ్ సెన్సర్. 36 మిల్లీమీటర్ల పొడవు, 24 వెడల్పు. మన పాత ఫిల్మ్ ఫ్రేమ్ ఎంతో అంత.” రెండో బిస్కెట్టు సగం పైగా కొరికి, మిగిలింది మళ్ళీ సాసర్లో పెడతారు. “ఇది ఏపీఎస్-సీ. సుమారు 23.5, 15.6. చూశారా, వైశాల్యం సగం కూడా లేదు.” చూశాం. లెక్క సరైనదే. చిన్న సెన్సర్ ముందు 50 ఎం.ఎం. లెన్స్ పెడితే ఫుల్ ఫ్రేమ్ మీద 75 పెట్టినంత ఇరుగ్గా కనిపిస్తుందనీ, కెనాన్‌లో అయితే 80 అనీ కూడా చెబుతారు. అదీ సరైనదే. ఈలోగా టీ చల్లారిపోతుంది. సాసర్లోంచి ఫుల్ ఫ్రేమ్ తీసి ఆయనే తినేస్తారు.

ఆయనకి 45 మెగాపిక్సెల్స్ కావాలి. ఈ రోజుల్లో మామూలు కెమెరాలకి కూడా 24 ఉంటున్నాయి. అంటే అడ్డంగా 6000, నిలువుగా 4000 చుక్కలు. పన్నెండంగుళాల పొడవు, ఎనిమిదంగుళాల వెడల్పున్న ఆల్బమ్ పేజీని శుభ్రంగా ప్రింటు వేయడానికి తొమ్మిదిలోపే చాలు. మరి 45 దేనికండీ అంటే “తర్వాత క్రాప్ చేసుకోవచ్చు” అంటారు. ఇప్పటికి ఆయన ప్రపంచానికి పంపుతున్న చిత్రాలల్లా పొద్దున్నే వాట్సాప్‌లో గులాబీపువ్వు మీద శుభోదయం. ఆ గులాబీ కూడా ఎవరో తీసిందే.

కొనకపోవడానికి ఆయన దగ్గర ఏనాటికానాడు తాజా కారణం ఉంటుంది. 2013లో సోనీ ఏ7 తెచ్చింది. అద్దం లేని (మిర్రర్‌లెస్) ఫుల్ ఫ్రేమ్. “భవిష్యత్తంతా ఇదే. కానీ కెనాన్, నికాన్ కూడా దిగనీండి” అన్నారు. 2018లో రెండూ దిగాయి. “మొదటి తరం సరుకు. లోపాలుంటాయి. రెండోది రానీండి” అన్నారు. 2019 జనవరిలో డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కాలనీ అంతా ఊపిరి బిగబట్టింది. “తగ్గించడం మొదలెట్టారంటే ఇంకా తగ్గిస్తారు” అని ఆయన వెనక్కి జారగిలబడ్డారు. 2020లో నికాన్ జెడ్6 రెండోది వచ్చింది. 2024లో మూడోది కూడా వచ్చింది. మూడోది రాగానే రెండోది కొందామని అనుకున్నారు గానీ, మూడోది చూశాక రెండోది కొనబుద్ధి కాలేదట. ప్రస్తుతం మూడోది పాతబడే రోజు కోసం చూస్తున్నారు.

అలాగని చేతులు ముడుచుకు కూర్చోలేదు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కెమెరా బ్యాగు వచ్చేసింది. ట్రైపాడ్ వచ్చింది. దుమ్ము ఊదే రబ్బరు బుర్ర వచ్చింది. 77 ఎం.ఎం. ఫిల్టర్ కూడా వచ్చింది, ఎప్పటికైనా కొనబోయే లెన్స్ అంతే ఉంటుందని. తేమ తగిలితే లెన్స్ లోపల బూజు పడుతుంది కదా, దానికోసం గాలి చొరని డబ్బా, సిలికా జెల్, తేమ కొలిచే చిన్న గడియారం కూడా అమర్చారు. తేమ 40, 50 శాతం మధ్య ఉండాలట. ఆ ఏర్పాటు నిజంగా బ్రహ్మాండంగా పనిచేస్తోంది. వాళ్లావిడ అందులో అప్పడాలు పెడుతున్నారు. వానాకాలంలో కూడా మెత్తబడలేదని మా ఇంట్లో కూడా అలాంటి డబ్బా ఒకటి తెప్పించమంటున్నారు. ట్రైపాడ్ కాళ్ల మీద తువాళ్లు ఆరుతుంటాయి.

ఓసారి కోఠీకి నన్ను తోడు తీసుకెళ్లారు. కెమెరా దుకాణం గడప తొక్కగానే కౌంటర్ వెనకాల కుర్రాడు, “నమస్తే సార్, మళ్ళొచ్చిన్రా” అన్నాడు. ఆ ‘మళ్ళీ’లోనే చరిత్రంతా ఉంది. మూర్తిగారు లెన్స్ లేని ఓ కెమెరా బాడీ చేతిలోకి తీసుకుని బరువు చూశారు. చెవి దగ్గర పెట్టుకుని షట్టర్ చప్పుడు విన్నారు. చిటికెనవేలు కింద పట్టు దొరకడం లేదన్నారు. మెనూలోకి వెళ్లి, ఫలానా సౌకర్యం ఫలానా కంపెనీవాడు రెండు మీటల్లో ఇస్తే వీడు మూడు మీటలు నొక్కిస్తున్నాడన్నారు. కుర్రాడు ఓపిగ్గా ఇంకో రెండు మోడళ్లు గ్లాసు మీద పెట్టి, చివరికి అడిగాడు.

“సార్, ఇంతకీ మీరు ఏం తీస్తరు?”

మూర్తిగారు ఆ కుర్రాడి వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. సెన్సర్ గురించి అడిగితే చెబుతారు, మౌంట్ గురించి అడిగితే చెబుతారు. ఇది మాత్రం సిలబస్‌లో లేని ప్రశ్న. కాసేపాగి, “అన్నీ” అన్నారు.

“అన్నిటికీ ఒకటే కెమెరా ఉండదు సార్. పిట్టలు తీస్తే పొడుగు లెన్స్ కావాలె. ఇంట్ల పిల్లల్ని తీస్తే వెలుతురు ఎక్కువ లాగే చిన్న లెన్స్ కావాలె. మీరు ఏం తీస్తరో చెప్పుండ్రి, బాడీ సంగతి నేను చూస్త.”

నిజానికి మొదటి కెమెరా కొనేవాళ్లకి కావాల్సిన శాస్త్రమంతా ఈ నాలుగు ముక్కల్లోనే ఉంది. నేలపట్టు పక్షుల కేంద్రానికి గూడబాతుల కోసం వెళ్లేవాడికీ, ఇంట్లో మనవరాలి బారసాల తీసుకునేవాడికీ ఒకే సలహా పనికిరాదు. మొదటివాడు డబ్బులో ఎక్కువ భాగం 300 ఎం.ఎం. పైన ఉండే లెన్స్ మీద పోయాలి. రెండోవాడు 35 ఎం.ఎం., ఎఫ్ 1.8 లాంటిది పెట్టుకుంటే గదిలో ట్యూబ్‌లైటు చాలు. బాడీ ఇద్దరికీ ఒకటే అయినా నష్టం లేదు. మూర్తిగారు కుర్రాడి మాట శ్రద్ధగా విని, ఫైనల్ రేటు రాయించుకుని, “మళ్ళీ వస్తా” అని బయటపడ్డారు. దారిలో “వీడికి టెక్నికల్ నాలెడ్జ్ తక్కువండీ” అన్నారు.

వాళ్ల హాల్లో గోడ మీద ఆయన చిన్నప్పటి నలుపు తెలుపు ఫొటో ఉంది. నిక్కర్లో, బొగడ చెట్టు కింద. వాళ్ల నాన్నగారు ఆగ్ఫా క్లిక్ త్రీతో తీశారట. బరోడాలో తయారైన డబ్బా కెమెరా, రీలుకి పన్నెండు ఫొటోలు. ఫొటో ఇంత బాగుంది కదా అంటే, “ఆ రోజుల్లో చాయిస్ ఏముందండీ, ఉన్నదాంతో తీశారు” అన్నారు. పోనీ రాజా దీన్‌దయాళ్ సంగతి ఎత్తాను. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్, గాజు పలకలూ పెద్ద పెట్టె కెమెరా మోయించుకుంటూ కోటలూ దర్బారులూ తీశాడు కదా అన్నాను. “ఆయనకీ చాయిస్ లేదండీ” అన్నారు, ఈసారి కాస్త అసూయగా.

మా వీధి చివర డిగ్రీ చదివే అమ్మాయి ఒకర్తి ఉంది. ట్యూషన్లు చెప్పి యాభై వేలు కూడబెట్టుకుని, తెలిసిన పెద్దమనిషి కదా అని మూర్తిగారి దగ్గరికే వచ్చింది. “అంకుల్, ఏ కెమెరా కొనాలె?” అంది. అంతే. ఇంకో ఐదు వేలు వేస్తే టచ్ స్క్రీన్ వస్తుందన్నారు. దానిమీద పది వేస్తే అద్దం లేనిదే వస్తుందన్నారు. ఇంకో ఇరవై పెడితే బాడీలోనే కుదుపు తట్టుకునే ఏర్పాటు ఉంటుంది. ఎలాగూ అంత పెట్టాక ఫుల్ ఫ్రేమ్ ఎందుకు వదులుకోవాలి? ఫుల్ ఫ్రేమ్ కొని దానికి చవక లెన్స్ పెడితే బాడీకి అవమానం కదా? చీకటి పడేసరికి లెక్క మూడు లక్షలు దాటింది. అమ్మాయి యాభై వేలు పట్టుకుని ఇంటికెళ్లిపోయింది.

కథ ఇక్కడితో ముగిస్తే మూర్తిగారికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. నెలలోగా ఆ అమ్మాయి, ఎవరో వాడి అమ్మేస్తున్న నికాన్ డీ3500 మాట్లాడుకుని, ఈసారి వేరే ప్రశ్నతో వచ్చింది. “అంకుల్, ఇది తీసుకుంటున్న. ఏం చూస్కోవాలె?”

మూర్తిగారు నిటారుగా కూర్చున్నారు. లెన్స్‌లోకి సెల్‌ఫోన్ టార్చి వేసి సాలెగూడు లాంటి బూజు గీతలున్నాయేమో చూడమన్నారు. ఎఫ్ 16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని ఓ ఫొటో తీయమన్నారు, సెన్సర్ మీద దుమ్ముంటే మచ్చలు తేలతాయని. షట్టర్ ఎన్నిసార్లు పడిందో లెక్క తీయించమన్నారు. తర్వాత ఆ అమ్మాయి చౌకగా వస్తోందని పాత 50 ఎం.ఎం. 1.8 డీ లెన్స్ కొనబోతుంటే చెయ్యి అడ్డం పెట్టారు. ఆ బాడీలో ఫోకస్ తిప్పే మోటారు లేదు, ఆ లెన్స్‌లోనూ లేదు, కాబట్టి ఫోకస్ తనంతట తాను పడదని, ‘జీ’ రకం తీసుకోమని చెప్పారు. ఆయన మాట ఒక మనిషికి అక్షరాలా డబ్బు మిగిల్చిన సందర్భం అది.

బతుకమ్మ రోజు సాయంత్రం కాలనీ పార్కులో ఆ అమ్మాయి ఫొటోలు తీస్తుంటే వెనకాలే నిలబడి లెక్క కూడా చెప్పారు. “కెమెరాతో వచ్చే కిట్ లెన్స్ జూమ్ చేస్తే ఎఫ్ 5.6. నువ్వు కొన్న ఈ ‘జీ’ లెన్స్ 1.8. వెలుగు తొమ్మిదిన్నర రెట్లు ఎక్కువ వస్తుందమ్మా. దాంతో ఐఎస్ఓ 12800 పెట్టాల్సిన చోట దీనికి 1600 లోపే చాలు. ఆడవాళ్లు తిరుగుతున్నారు కాబట్టి షట్టర్ 125కి తగ్గనీకు.” పూల మధ్య దీపాలు, చప్పట్లు కొడుతున్న చేతులు, ముసలమ్మ ముక్కుపుడక అన్నీ శుభ్రంగా వచ్చాయి. మూర్తిగారు తెర మీద ఫొటో పెద్దది చేసి చూసి, “మూలల్లో పదును కొంచెం తగ్గింది” అన్నారు. కాసేపాగి అదే ఫొటో తన ఫోన్‌కి పంపమన్నారు. మర్నాటి శుభోదయంలో గులాబీ బదులు బతుకమ్మ వచ్చింది.

కాబట్టి మొదటి కెమెరా కొనాలనుకునేవారికి నా మనవి. మీ చుట్టుపక్కల మూర్తిగారు తప్పకుండా ఉంటారు. ఆయన్ని దూరం పెట్టకండి, ఆయన చదివినంత మీరు చదవలేరు. అయితే ముందు మీరు ఏం తీస్తారో మీరే తేల్చుకోండి. ఉన్న డబ్బులో సగం లెన్స్‌కి పక్కన పెట్టండి. మిగిలిన సగంలో వచ్చే బాడీ, కొత్తదైనా పాతదైనా, ఒకటి ఖాయం చేసుకోండి. ఆ తర్వాతే ఆయన గడప తొక్కండి. ‘ఏది కొనమంటారు’ అని మాత్రం చచ్చినా అడక్కండి. ‘ఇది తీసుకుంటున్నాను, ఏం చూసుకోవాలి’ అని అడగండి. మొదటి ప్రశ్నకి ఆయన దగ్గర జవాబు లేదు. రెండోదానికి ఆయన్ని మించినవాడు లేడు.