పలకని పలక

మనము వ్రాయనిదే ఒక్క అక్షరమైనను చూపక, మనము తాకనిదే చిన్న చప్పుడైనను చేయక, తరతరముల బాలబాలికలచే ఓనమాలు దిద్దించిన మార్కాపురపు పలక ఎంతటి మర్యాద గలదో, ఒకప్పుడు గిద్దలూరులో రైలెక్కి మిర్చి ధర చూచుకొనుటకై సెల్‌ఫోనులో నొక వార్తాపుట తెఱచినవానికి కంభము చేరకముందే బోధపడెడిది: ఎవ్వరును అడుగని వీడియో యొకటి పుట మూలనుండి దిగ్గున లేచి, తలనొప్పి మాత్రల ప్రకటనను తలనొప్పి పుట్టునంత బిగ్గరగా ఘోషించుటయు, కునుకు తీయుచున్న పెద్దలందఱు అతనివంక గుడ్లురుముటయు నేకకాలమున జరిగెడివి.

ఈ పిలువని పేరంటమును కట్టడి చేయుటకై 2018 ఏప్రిలులో క్రోమ్ బ్రౌజరును, 2019 మార్చిలో ఫైర్‌ఫాక్సును నడుము బిగించి, వాడుకరి సమ్మతి లేనిదే ధ్వని చేయరాదని శాసించిన మాట నిజమే. కాని నోరు మూసికొని యాడు వీడియోకు అభ్యంతరము లేదనుటచే, ఆ యతిథి గుమ్మమున కేకలు వేయుట మాని, పిల్లివలె వంటింట దూఱి మన డేటాను ఆరగించుచున్నాడు. ఫైర్‌ఫాక్సు సెట్టింగులలో ‘ఆటోప్లే’ అనుచోట ధ్వనిని, దృశ్యమును రెంటిని నిలుపు గడియ కలదు. అది వెదకి వేసికొనువాడు ధన్యుడు.

ఇంతకును మా మార్కాపురపు సీమవారికి తీఱని సందేహ మొకటి: అక్కఱలేని వీడియో తాకకుండనే పరుగెత్తుచుండగా, 1996లో శంకుస్థాపన జరిగి, జనులందఱు ఏండ్ల తరబడి నొక్కుచునే వచ్చిన, సొరంగముల గుండ మా చేలకు నీరు తేవలసిన వెలిగొండ ప్రాజెక్టు మాత్రము ఇన్నేండ్లు తెరపై సున్న చుట్టుచు కూర్చుండుట యేల? ఆ తనంత తాను కదలు విద్య యేదో బ్రౌజరులనుండి ఊడబెఱికి సొరంగములకు బిగించినచో, మా చెవులకును, చేలకును ఒక్కసారే శాంతి!