ఒక కుంతకము స్వీయచరిత్ర

బొబ్బిలి చేరువ గొల్లపల్లిలో, తరతరములుగా వీణలు చెక్కుచున్న యొక యింట, ఆ యింటి పిల్లవాని పైదవడ ముందువరుసలో వెలసిన పంటిని నేను. పాఠ్యపుస్తకములు నన్ను కుంతకమనును, ఇంటివారు ముందరిపన్నందురు. మావాడు నవ్విన ప్రతిపర్యాయమును లోకము నాకు కనబడును గనుకను, మావాడు నవ్వులమారి గనుకను, వెనుక చీకటిలో నడగియుండు చర్వణకముల జ్ఞానముకంటె నా లోకజ్ఞానము కొంత విశాలమని నా యభిప్రాయము. అతని యేడవయేట చిగురు చీల్చుకొని వెలుపలికి వచ్చితిని గాని, నా నిర్మాణము అతడు ఉయ్యాలలోనున్న మూడు నాలుగు మాసములనాడే దవడయెముకలో మొదలైనది. వేరు కొనదాక ముగియుటకు అతనికి పదియేండ్లు రావలసివచ్చినది.

మా యూరి వీణకు ఏకాండి యని ప్రతిష్ఠ. కుండయు దండియు అతుకులేక ఒక్క పనసమాను నుండి తొలువబడును. అందువలననే దాని నాదమునకా నిండుదనము. దంతము మాత్రము ఎముకతో ఏకాండియైనచో నశించును. నా వేరునకును, దాని చుట్టునున్న యెముకకును నడుమ కంటికానని సన్నని నారపొర యొకటి కలదు. వేనవేలు నారలు నన్ను ఊయలవలె పట్టియుంచి, నమలునప్పటి యొత్తిడిని భరించి, ఎముక నన్ను తనలో కలుపుకొని కరగింపకుండ కాపాడును. నా ప్రాణము తెల్లని పింగాణివంటి పైభాగమున నున్నదని లోకుల భ్రమ. అది వేరునంటిన యా నారలలో నున్నది. ఆ సంగతి నాకును ఊడిపడిననాడు గాని తెలియలేదు.

మావాని పండ్రెండవయేట, సంక్రాంతి సెలవులలో, కఱ్ఱాబిళ్ల యాడుచుండగా ఎవడో కొట్టిన బిళ్ల గాలిలో గిరగిర తిరుగుచు వచ్చి నన్ను తాకెను. నేను సమూలముగా పెకలి మట్టిలో పడితిని. మావాడు నెత్తురు చూచి జడిసినాడే కాని, నొప్పియని పెద్దగా ఏడ్వలేదు. కేకలు విని వచ్చిన మామ్మ నన్ను చేతబట్టి, "ఏటిరా గుంటడా, పన్నూడిపోనాదా? ఇలాగియ్యి, బూడిదెట్టి తోమి ఇంటిమీదికి ఇసిరేస్తాను" అనెను. పాలపండ్లను ఇంటికప్పుపైకి విసరుట మన దేశమున అనాదియైన యాచారము. మావాని పాలపండ్లన్నిటికిని ఆమెయే ఆ సంస్కారము జరిపియుండెను. బూడిదతో ఒక్కసారి రుద్దియుండిన నా నారలన్నియు తుడిచిపెట్టుకొనిపోయెడివి.

విశాఖపట్టణమున నర్సు చదువు చదువుచు సెలవులకు వచ్చియున్న అప్ప అంతలో పరుగున వచ్చెను. "మామ్మా, అది పాలపన్ను కాదే! తోమకు, ఏరుకాడ ముట్టుకోకు!" ముందుగా ఆమె తమ్ముని స్పృహ చూచెను: ఎక్కడ నున్నాడో చెప్పగలడా, వాంతి యగుచున్నదా, తల తిరుగుచున్నదా? తలకు దెబ్బ తగిలియుండిన పంటి మాట పిమ్మట. అదేమియు లేదని తెలిసికొని, శుభ్రమైన గుడ్డమడతను గాయముపై నుంచి కఱచి పట్టుమని, నన్ను తెల్లని కొసయందే పట్టుకొని, చల్లారిన పాలలో ఒక్కసారి ముంచి మట్టి విడిపించెను. వెంటనే నన్ను నా గుంటలో తిరిగి నిలిపి పట్టుకొనుట సర్వోత్తమము. పాలపంటికి మాత్రము ఈ మర్యాద తగదు. దానిని మరల నాటిన క్రింద పెరుగుచున్న పంటిమొలకకు చేటు. ఆమె నన్ను నిలుపబోయెను గాని మావాడు నోరు తెరువడయ్యెను. కావున గ్లాసెడు పాలలో నన్ను వేసి, ఆటో పిలిపించెను.

పాలు ఏల? నీటిలో నుంచిన నారలనంటిన జీవకణములు నీరు పీల్చి ఉబ్బి పగులును; పొడిగుడ్డలో మూటగట్టిన ఎండి చచ్చును. పాలలోని లవణసమ్మేళనము శరీరద్రవమునకు దగ్గఱగా నుండుటచే వానిని కొన్ని గంటలు బ్రదికించును. కోపెన్‌హేగన్ నగరమున ఆండ్రియాసెన్ అను వైద్యుడు తన సహచరునితో కూడి 1966లో ప్రకటించిన పరిశీలనలో, 30 నిమిషముల లోపల తిరిగి నాటిన దంతములలో నూటికి 90 వేళ్లు కరగక నిలిచినవనియు, రెండుగంటలు దాటినవానిలో నూటికి 95 కరగినవనియు తేలినది. బొబ్బిలి పేరు విన్నవారికి 1757 జనవరి 24వ తేదీ నాటి యుద్ధమును, ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులును, తాండ్ర పాపారాయడును తలపునకు వత్తురు. ఆటోలో యుద్ధస్తంభమును దాటిపోవుచు గ్లాసులో ఊగిసలాడిన నాకు బొబ్బిలి యనగా దంతవైద్యుని కుర్చీయే.

ఆయన గుంటను లవణజలముతో కడిగి, నన్ను వ్రేలితో మెల్లగా నొక్కి కూర్చుండబెట్టి, ఇరుప్రక్కల నున్నవారికి సన్నని తీగతో బంధించెను. ధనుర్వాతపు సూదిమందును, రెండువారములు మెత్తని యన్నమును విధించెను. కొనవద్ద తెగిన నరము తిరిగి అతుకదు గనుక, ఆ రెండువారముల లోపలనే నా గర్భము శుభ్రపఱచి మందు నింపెను. ఆనాటినుండి నాకు చలువయు వేడియు తెలియవు. ఒకింత నీరుకావి రంగు వచ్చినది. నారలు మాత్రము బ్రదికినవి. ఏటేట ఆయన లోహపుపిడితో నన్ను తట్టి వినును: ఖణేలున మ్రోగిన ఎముకలో నేకాండినైపోవుచున్నానని యర్థము. ఇప్పటికి ధ్వని మెత్తగానే యున్నది.

నా మాట యిట్లుండ, ఆరవయేటనే వచ్చిన క్రిందిదవడ చర్వణకము కథ వేఱు. అది ఏ పాలపంటిని త్రోయక, అన్నిటికి వెనుక నిశ్శబ్దముగా మొలచును. కావున అదియు ఎన్నడో ఊడునదేయని ఇంటివారు ఉపేక్షింతురు. అది పుచ్చి, మావాని కాలేజీ దినములలో ఒకనాటి రాత్రి యఱచుట మొదలుపెట్టెను. మామ్మ లవంగము పెట్టించెను. అది కొంతసేపు మొద్దుబఱచును, తప్పులేదు. పొరుగింటివారు తలనొప్పిమాత్రను చిగురుపై నదిమి యుంచుమనిరి. అచటి చర్మము తెల్లగా కాలి పొక్కినది. ఆ మాత్ర మ్రింగవలసినదే గాని అంటింపదగినది కాదు. నాలుగవనాడు నొప్పి తటాలున తగ్గెను. ఇంటిల్లిపాది సంతోషించిరి. నాకు మాత్రము భయము వేసినది. నరము చచ్చినదనియు, చీము లోపలికి దారి వెదకుచున్నదనియు ఆ నిశ్శబ్దమున కర్థము.

నొప్పి తొందరకు కొలతగాదని నేను కొంత గట్టిగనే చెప్పుదును. ఊడిపడిననాడు నాకు నొప్పి లేదు; చర్వణకము అత్యంతాపాయమున నున్నప్పుడు మౌనము వహించినది. రెండుదినములలో బుగ్గ వాచినది. వేడికాపడము పెట్టబోయిన మామ్మను అప్ప ఫోనులోనే వారించి, నాలుగు ప్రశ్నలు వేసెను: దవడ క్రింద రెండుప్రక్కల వాచి గట్టిపడినదా? నాలుక పైకి లేచినదా? ఉమ్మి మ్రింగగలడా? నోరు రెండువ్రేళ్లు పట్టునంత తెరచుకొనునా? 1836లో లుడ్విగ్ అను జర్మను వైద్యుడు వర్ణించిన యా వాపు ఊపిరిదారిని మూయును. సూక్ష్మజీవినాశకములు లేని కాలమున అది సోకినవారిలో సగముమందికి పైగా మరణించెడివారు. ఆ లక్షణములలో ఒక్కటి కనబడినను దంతవైద్యుని వాకిట వరుసలో కూర్చుండరాదు, తిన్నగా పెద్దాసుపత్రికే పోవలెను. మావానికి బుగ్గ మాత్రమే వాచుటచే బొబ్బిలిలోనే వైద్యుడు పన్ను తెరచి చీము వెడలించెను. అదే వరండాలో ఒక పెద్దాయన, మెట్లెక్కినపుడెల్ల క్రిందిదవడ లాగుచున్నది, కూర్చున్న తగ్గుచున్నదనగా, వైద్యుడు అతని నోరైనను చూడక గుండెవైద్యుని కడకు పంపివైచెను. అది పంటినొప్పి కాదు.

ఇక మామ్మ నోటిసంగతి. ఆమె అడ్డపొగ త్రాగును. చుట్ట నిప్పుకొసను నోటిలోపల నుంచుకొని పనిపాటలు చేయును. కోపెన్‌హేగనుకును మాకును ఇంకొక చుట్టఱికము కలదు: ఆ నగరమువాడే యైన పిండ్‌బోర్గు అను దంతవైద్యుడు, బొంబాయి టాటా పరిశోధనాలయపు మెహతా ప్రభృతులతో కూడి, శ్రీకాకుళము జిల్లాలో 10,169 మంది గ్రామీణుల నోళ్లు చూచి, అడ్డపొగ అంగిలికి చేయు కీడును 1971లో ప్రకటించెను. నాటికి బొబ్బిలియు ఆ జిల్లాలోనిదే. మొన్న అప్ప టార్చిలైటు వేసి మామ్మ అంగిలి చూచి, అచ్చటి పుండెంతకాలముగా నున్నదని యడుగగా, "ఉగాదికి ముందునుంచీ ఉంది. నొప్పి లేదే, ఏటికి ఆసుపత్రి?" అని ఆమె నవ్వెను. రెండువారములలో మానని పుండు నొప్పి లేకున్నను చూపవలసినదేయని అప్ప రైలెక్కించి విశాఖకు గొనిపోయినది. వైద్యులు చిన్న ముక్క తీసి పరీక్షించి, పుట్టకురుపు కాదని, అయినను చుట్ట మానవలసినదేయని చెప్పిరి. మామ్మ మానితిననును. పెరటి అరుగు క్రింద చుట్టలకట్ట యొకటి యున్నదని మావాడు నవ్వినపుడు నేను చూచితిని. అప్పతో చెప్పుటకు నాకు నోరు లేదు.