ముఖం చూసి చెప్పేస్తాను

మనిషి ముఖం ఒక్కసారి చూస్తే చాలు, గుణగణాలు చెప్పేస్తానని నాకో గట్టి నమ్మకం ఉండేది. ఉండేది అంటున్నానే గానీ పూర్తిగా పోయిందని ప్రమాణం చేయలేను. బంధువుల్లో ఎవరికి సంబంధం చూస్తున్నా ‘బాబాయికి ఓసారి చూపించండి’ అని ఫొటో నా దగ్గరికి వచ్చేది. నేను కళ్ళజోడు సవరించుకుని, ఫొటో కాస్త దూరంగా పట్టుకుని, ‘ఊఁ’ అనేవాణ్ణి. ఆ ‘ఊఁ’ ఎంత పొడుగ్గా ఉందన్న దాన్నిబట్టి సంబంధం ముందుకో వెనక్కో నడిచేది. ఆ పెళ్ళి బాగుంటే నా చూపు గొప్పది. బాగోకపోతే జాతకాలు సరిగ్గా చూసి ఉండరు.

మా చెల్లెలి కూతురికి సంబంధాలు వెతుకుతున్నప్పుడు మధ్యవర్తి ఒకేసారి బోలెడు ఫొటోలు వాట్సాప్‌లో పంపాడు. రాత్రి భోజనం అయ్యాక పడక్కుర్చీలో వాలి, ఒక్కొక్కటే వేలితో జరుపుతూ తీర్పులు చెప్పడం మొదలుపెట్టాను. వీడు కోపిష్టి, వీడు పిసినారి, వీడికి స్థిరం లేదు. అందులో ఒక కుర్రాడు తెగ నచ్చేశాడు. నుదుట్లో కళ, కళ్ళల్లో నెమ్మది. ‘వీడే’ అని ఇంట్లో ప్రకటించి పడుకున్నాను.

పొద్దున్నే అందరికీ చూపిద్దామని ఫొటో తెరిస్తే, ఆ కళ లేదు. కుర్రాడు బాగానే ఉన్నాడు, కానీ మామూలుగా ఉన్నాడు. నా అనుమానం నా కంటి మీదికి పోలేదు, సరాసరి మధ్యవర్తి మీదికి పోయింది. ఫోన్ చేసి, రాత్రికి రాత్రే ఫొటో మార్చేశావని దులిపేశాను. ‘పంపిన ఫొటో పంపినట్టే ఉంటుందండీ, కింద టైము కూడా ఉంటుంది చూడండి’ అన్నాడాయన. ‘టైము మార్చడం కూడా నేర్చుంటావులే’ అన్నాను. కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత ‘మీరు పెద్దవారు’ అని పెట్టేశాడు.

పెళ్ళికూతురు కావలసిన మా మేనకోడలు చదివింది మనస్తత్వశాస్త్రం. విషయం విని, పడీపడీ నవ్వి, ‘మామయ్యా, రాత్రి ఈ ఫొటోకి ముందు ఎవరి ఫొటో చూశావు?’ అని అడిగింది. వెనక్కి జరిపి చూశాం. సినిమాల్లో హీరోలా ఉన్న కుర్రాడు. సగోత్రమని పక్కన పెట్టినవాడు.

‘అదీ సంగతి’ అంది. సిడ్నీలో జెస్సికా టౌబర్ట్ అనే ఆవిడ, తోటి పరిశోధకులు కలిసి సరిగ్గా దీని మీదే 2016లో ఒక ప్రయోగం ప్రచురించారట. సెకనులో మూడోవంతు కూడా నిలవకుండా ముఖాలు వరసగా చూపిస్తూ, బాగుందా లేదా అని అడిగారు. అంతకుముందు చూసిన ముఖం బాగుందన్నవాళ్ళు తర్వాతి ముఖాన్ని కూడా బాగుందనే అవకాశం పెరిగింది. పక్కన పెట్టిన ఇంగువ వాసన పెరుగుకి పట్టినట్టు, ఒక ముఖం తాలూకు కళ ఇంకో ముఖానికి పట్టేస్తుందన్నమాట. నా కాబోయే అల్లుడి నుదుట వెలిగింది సగోత్రీకుడి కళ.

అంతటితో ఆగకుండా 2022లో మనాసి, విట్నీ అనే ఇద్దరు చేసిన పని కూడా చెప్పింది. ఒక ముఖం నెమ్మదిగా వయసు మళ్ళుతూ పోయే చిన్న వీడియో చూపించి, చివర్లో ఆ ముఖానికి వయసెంతని అడిగితే, జనం తక్కువ చెప్పారు. వాళ్ళు చెప్పింది అప్పుడు కళ్ళెదుట ఉన్న ముఖం వయసు కాదు, అంతకుముందు దాటిపోయిన ముఖం వయసు. నీడ పడుతుంది, తల కదులుతుంది, రెప్ప పడుతుంది. కంట్లో పడే బొమ్మ క్షణం నిలకడగా ఉండదు. ఉన్నదున్నట్టు చూపిస్తే లోకమంతా వణుకుతూ కనిపిస్తుందని, మెదడు గడిచిన 15 సెకన్లదాకా చూసినదంతా కలిపి మనకి వడ్డిస్తుందని వాళ్ళ వాదన. నేను తాజా అనుకుని చూస్తున్నది నిలవ సరుకన్నమాట.

ఇంత విన్నాక బుద్ధి రావాలి కదా. రాలేదు. పైగా ఆ రోజుల్లోనే అసలు ఘనకార్యం వెలగబెట్టాను.

ఒక రాత్రి కరెంటు పోయింది. ఇన్వర్టరు మీద హాల్లో ఒక్క చిన్న బల్బు వెలుగుతోంది. బాత్‌రూమ్ తలుపు తెరిచి పెట్టుకుని, నా వెనకనుంచి వచ్చే ఆ గుడ్డి వెలుతురులోనే అద్దం ముందు నిలబడి, కదులుతున్న పన్ను ఒకటి పరీక్షించుకుంటున్నాను. చూస్తూ ఉండగానే బుగ్గలు లోపలికి పోయాయి. కనుబొమలు దట్టమయ్యాయి. నోరు నాది కాకుండా పోయింది. అద్దంలోంచి మా నాన్నగారు నన్ను చూస్తున్నారు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆ ఏడాది ఆబ్దికం నేను సరిగ్గా పెట్టలేదు, ఎక్కడో ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేసి చేతులు దులుపుకున్నాను. ఆ సంగతి నాకు తెలుసు, అద్దంలోని ఆయనకీ తెలిసినట్టే ఉంది ఆ చూపు.

నేను పెట్టిన కేకకి మా ఆవిడ వచ్చి ‘ముందు బయటికి రండి, జారిపడతారు’ అంది. ఆ రాత్రే అన్నయ్యకి ఫోన్ చేశాను. అంతా విని అన్నయ్య అన్న మొదటి మాట, ‘పెద్దకొడుకుని నేనుండగా నీకెందుకు కనిపించారురా?’ పంతులుగారు శాంతి చేయించమన్నారు, దానాల జాబితా రాసిచ్చారు. గోదానానికి బదులు రొక్కం ఇచ్చాం. అన్నయ్య మాత్రం రోజూ రాత్రి లైట్లన్నీ వేసుకుని అద్దం ముందు నిలబడి ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. ఆ కోపం నా మీద చాలా కాలం ఉంది.

మేనకోడలికి ఇది ఆలస్యంగా తెలిసింది. ఈసారి నవ్వలేదు. తాతయ్య అంటే దానికీ ఇష్టమే. మెల్లిగా చెప్పింది. ఇటలీలో ఉర్బీనో విశ్వవిద్యాలయంలో జొవాన్ని కపూటో అనే ఆయన 50 మందిని ఒక్కొక్కరినే మసక గదిలో అద్దం ముందు కూర్చోబెట్టాడట. వెనకవైపు 25 వాట్ల బల్బు, 10 నిమిషాలు చూపు తిప్పకుండా చూడటం, అంతే. 2010లో ఫలితాలు అచ్చయ్యాయి. 66 శాతం మందికి తమ ముఖం ఘోరంగా వికారమై కనిపించింది. దాదాపు సగం మందికి వింత ప్రాణులు, భూతాల్లాంటివి కనిపించాయి. 18 శాతం మందికి మార్పులతో తల్లిదో తండ్రిదో ముఖం కనిపించింది. ఆ 18లో 10 శాతం మంది చూసింది పోయినవాళ్ళని, 8 శాతం మంది చూసింది నిక్షేపంలా బతికున్నవాళ్ళని. పిల్లి, పంది, సింహం లాంటి జంతువుల ముఖాలు చూసినవాళ్ళు కూడా 18 శాతమే. అంటే నాన్నగారు వచ్చే అవకాశం ఎంతో, జంతువు వచ్చే అవకాశమూ అంతే. ఈ లెక్క అన్నయ్యకి చెప్పలేదు.

ఎందుకలా అవుతుందన్నదానికి సగం జవాబు 1804 నాటిది. ట్రాక్స్‌లర్ అనే స్విస్ వైద్యుడు గమనించాడు, చూపు ఒకేచోట నిలిపితే చుట్టుపక్కల మసగ్గా ఉన్నవి కాసేపటికి మాయమవుతాయని. కళ్ళకి మార్పు కావాలి, మార్పులేనిదాన్ని అవి పట్టించుకోవు. నేను పన్ను మీదే చూపు పెట్టాను కాబట్టి బుగ్గలు, కనుబొమలు కరిగిపోయి ఉంటాయి. కానీ కరిగిపోతే ఖాళీ మిగలాలి, నాన్నగారు ఎందుకు రావాలి? కన్నూ ముక్కూ నోరూ కలిపి ఒక ముఖంగా కట్టే పని మెదడులో జరుగుతుందనీ, అందే సమాచారం తగ్గినప్పుడు ఆ కట్టు జారి మరోలా కట్టుకుంటుందనీ కపూటో అనుకుంటాడు. లైట్లన్నీ వేసుకున్న అన్నయ్యకి అందుకే దర్శనం కాలేదు. శాంతికి ఖర్చు పెట్టినందుకు నేను చింతించడం లేదు. ఆబ్దికం మరుసటి ఏడాది ఇంట్లోనే పెట్టాను.

నన్ను బాగా గుచ్చింది మాత్రం మేనకోడలు ఆఖరున చెప్పిన సంగతి. ప్రిన్స్‌టన్‌లో విల్లిస్, టొడొరోవ్ 2006లో చూపించారు, ముఖం చూసి మనిషి నమ్మదగినవాడా కాదా అని తేల్చడానికి సెకనులో పదోవంతు చాలట. సెకనుదాకా చూడనిచ్చినా తీర్పు పెద్దగా మారలేదు, తీర్పు మీద నమ్మకం మాత్రం పెరిగింది. కళ్ళజోడు సవరించుకోవడం, ఫొటో దూరంగా పట్టుకోవడం, ఆ ‘ఊఁ’, అదంతా నమ్మకం పెంచుకునే తతంగమేనన్నమాట.

చివరికి మేనకోడలు చేసుకుంది ఆ మామూలు కుర్రాణ్ణే. నేను ‘వీడే’ అన్నందుకు కాదు, నాలుగుసార్లు కూర్చుని మాట్లాడుకున్నాక. మొదటిసారి చూసినప్పుడు ఎలా అనిపించాడే అని అడిగితే, ‘గుర్తు తెచ్చుకుందామంటే ఆ రోజు ముఖం రావడం లేదు మామయ్యా, ఇప్పటి ముఖమే వస్తోంది’ అంది.

పెళ్ళిలో పీటలకి దగ్గరగా కూర్చున్నాను. కాళ్ళు కడుగుతున్నప్పుడు చూస్తే పెళ్ళికొడుకు ముక్కు కాస్త వంకరగా ఉన్నట్టు తోచింది. ఫొటోలో ఇలా లేదే, మధ్యవర్తి మళ్ళీ మోసం చేశాడా అని నోటిదాకా వచ్చింది. అంతకు క్షణం ముందు ఎవరి ముఖం చూశానో జ్ఞాపకం చేసుకున్నాను. నీళ్ళు పోస్తున్న మా బావగారిది.